తాబేళ్లు చచ్చి ఒడ్డుకు ఎందుకు కొట్టుకొస్తున్నాయి?

క్లుప్తంగా: ఏటా డిసెంబరు నుంచి మార్చి వరకు ఆంధ్ర తీరంలో కనిపించే తాబేళ్ల కళేబరాల్లో ఎక్కువ భాగానికి కారణం సముద్రం అడుగును ఊడ్చుకుంటూ పోయే ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడకపోవడం. గుడ్లను కాపాడే హేచరీలు అవసరమే, కానీ పెద్ద తాబేళ్ల చావులను అవి పూడ్చలేవు. తాబేళ్లు తప్పించుకునేలా వలలో అమర్చే టెడ్ పరికరం పనిచేస్తుందని దశాబ్దాల అనుభవం చెబుతోంది. అది మన బోట్లలో ఎందుకు కనిపించడం లేదన్నదే అసలు ప్రశ్న.

సంక్రాంతి దగ్గర పడే రోజుల్లో తీరప్రాంత జిల్లాల నుంచి కళేబరాల వార్తలు మొదలవుతాయి. కాకినాడ దగ్గరో, శ్రీకాకుళం వైపో, బాపట్ల దగ్గరో డజన్ల కొద్దీ ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి పడి ఉన్నాయని చదువుతాం. మార్చి వచ్చేసరికి విశాఖ ఆర్కే బీచ్‌లో అటవీ శాఖ సిబ్బంది, పిల్లలు కలిసి తాబేలు పిల్లలను సముద్రంలోకి వదులుతున్న ఫొటోలు వస్తాయి. ఒక ఏడాదిలోనే ఇవి రెండూ చూసిన పాఠకుడికి తాబేళ్లు బాగుపడుతున్నాయా, అంతరిస్తున్నాయా అన్న అయోమయం సహజం.

2025 జనవరిలో ఈ అయోమయం ఇంకా పెరిగింది. చెన్నై చుట్టుపక్కల తీరంలో వందల కళేబరాలు కొట్టుకొచ్చాయి. కాకినాడ తీరంలో చావులపై విచారణ జరపాలని అటవీ శాఖను కూడా చూస్తున్న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆదేశించారు. రసాయన పరిశ్రమల వ్యర్థాలే కారణమని కొందరన్నారు, మరబోట్లని కొందరన్నారు. సరిగ్గా నెల తిరిగేసరికి ఒడిశాలోని రుషికుల్య దగ్గర లక్షల తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెట్టాయి. ఆ సీజన్‌లో రుషికుల్య, గహిర్‌మాత రెండూ కలిపి 13 లక్షలకు పైగా అని ఒడిశా అటవీ శాఖ లెక్క చెప్పింది. అన్ని లక్షలుంటే కొన్ని వందలు చస్తే ఏమైందన్న వాదన కూడా అప్పుడే వినిపించింది.

వీటిని విడివిడిగా చూస్తే తప్ప బొమ్మ స్పష్టం కాదు.

కళేబరం ఏం చెబుతుంది

విషం వల్ల చచ్చిందా, వలలో చచ్చిందా అన్నది ఊహ మీద వదిలేయాల్సిన విషయం కాదు. పశువైద్యులు శవపరీక్షలో చూసే గుర్తులున్నాయి. నీళ్లలో ఊపిరాడక చచ్చిన తాబేలు ఒంటి మీద సాధారణంగా గాయం ఉండదు. కళ్లు ఉబ్బి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, మెడ వాచి ఉంటుంది, శ్వాసనాళంలోనూ ఊపిరితిత్తుల్లోనూ నురగ, నీరు కనిపిస్తాయి. జబ్బుతో నెమ్మదిగా చచ్చిన జంతువు తిండి మానేసి చిక్కిపోతుంది. వలలో చచ్చినది అప్పటిదాకా ఆరోగ్యంగా తిరిగినదే కాబట్టి ఒంటి మీద కండ ఉంటుంది, కడుపులో పీతలు, రొయ్యల అవశేషాలు దొరకవచ్చు. ఆడదైతే గుడ్లు కూడా.

రెండో ఆధారం, చచ్చినవి ఏవి, ఎప్పుడు అన్నది. నీటిలో విషం కలిస్తే చేపలు, పీతలు, పక్షులు కూడా చావాలి, చిన్నా పెద్దా తేడా ఉండకూడదు. మన తీరంలో కొట్టుకొచ్చేవి చాలావరకు పెద్ద తాబేళ్లు. అవి గుడ్లు పెట్టడానికి తీరం దగ్గరికి చేరే నెలల్లో, బోట్లు జోరుగా వేటాడే నెలల్లోనే చస్తున్నాయి. వేట నిషేధం మొదలయ్యాక కళేబరాలు తగ్గిపోతాయి. అలాగని కాలుష్యం బెడద లేదని కాదు. అది వేరే పద్ధతిలో, నెమ్మదిగా చంపుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఒక తాబేలు కడుపులో 14 ప్లాస్టిక్ ముక్కలుంటే అది చచ్చే అవకాశం సగానికి సగం. అయితే జనవరిలో ఒక్కసారిగా వందల కళేబరాలు రావడాన్ని ప్లాస్టిక్ వివరించలేదు.

ఒడ్డున లెక్కపెట్టినవే మొత్తం చావులు అనుకోవడం కూడా పొరపాటు. చచ్చిన తాబేలు ముందు మునుగుతుంది, లోపల గ్యాస్ పట్టాక తేలుతుంది, ఆ తర్వాత గాలి, ప్రవాహం ఎటు తోస్తే అటు పోతుంది. ఈశాన్యపు గాలులు తీరం వైపు వీచే రోజుల్లో కొన్ని ఒడ్డుకు చేరతాయి. మిగతావి సొరచేపల పాలవుతాయి, లేదా లోతుల్లోనే కుళ్లిపోతాయి. ఏ ఊరి దగ్గర కళేబరం దొరికిందో ఆ ఊరి బోట్లే చంపాయన్న నిందకు కూడా ఇందువల్లే ఆధారం ఉండదు.

వలలో ఏం జరుగుతుంది

తాబేలుకు మొప్పలు లేవు. గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. తనంతట తాను మునిగినప్పుడు గుండె వేగం తగ్గించుకుని, ప్రాణవాయువును పొదుపుగా వాడుకుంటూ చాలాసేపు కింద ఉండగలదు. వలలో చిక్కినప్పుడు ఆ పొదుపు ఉండదు. బెదిరి కొట్టుకుంటుంది, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది, దాచుకున్న ప్రాణవాయువు నిమిషాల్లో ఖర్చయిపోతుంది. అమెరికాలో 1990లో వెలువడిన జాతీయ పరిశోధన మండలి నివేదిక లాగుడు సమయాన్ని, చావులను పోల్చి చూసింది. వల గంటలోపు పైకి వస్తే చావులు చాలా తక్కువ. గంట దాటాక వేగంగా పెరుగుతాయి.

మన తూర్పు తీరంలో రొయ్యల ట్రాలర్ ఒక్కో లాగుడు రెండు మూడు గంటలు సాగుతుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లే సోనా బోట్లు అనే ట్రాలర్లు రోజుల తరబడి సముద్రంలో ఉంటాయి, పగలూ రాత్రీ వల దించి లాగుతూనే ఉంటాయి. గంటకోసారి వల ఎత్తితే డీజిల్, శ్రమ రెండూ తడిసి మోపెడవుతాయి. సముద్రగర్భాన్ని ఊడ్చుకుంటూ పోయే ఈ వల ఏది రొయ్యో, ఏది తాబేలో చూడదు. ఆలివ్ రిడ్లే తినేది పీతలు, రొయ్యలు, జెల్లీ చేపలు. రొయ్య ఉన్న చోటే తాబేలూ ఉంటుంది, బోటూ ఉంటుంది.

పైకి లాగిన వలలో కదలని తాబేలు చచ్చిందనే అందరూ అనుకుంటారు. చాలాసార్లు అది స్పృహ తప్పి ఉంటుంది. వెనక భాగం కాస్త ఎత్తులో ఉండేలా నీడలో పడుకోబెట్టి, ఒంటికి తడిబట్ట కప్పి కొన్ని గంటలు ఉంచితే ఊపిరితిత్తుల్లోని నీరు కారిపోయి తేరుకునే అవకాశం ఉంది. దీనికి ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు. స్పృహ లేనిదాన్ని అలాగే నీళ్లలోకి నెట్టేస్తే మునిగి చస్తుంది. మన దగ్గర జరిగేది ఎక్కువగా ఇదే.

దీనికి చట్టం కూడా కొంత కారణం. సముద్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే, నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. బోటు మీద తాబేలు కనిపిస్తే కేసవుతుందన్న టెన్షన్ ఉన్నప్పుడు బోటు నడిపే ఏ సరంగూ దాన్ని గంటల తరబడి డెక్ మీద ఉంచుకోడు. తాబేలు మీద కోపం ఉండి కాదు. శ్రీకూర్మంలో కూర్మనాథుడు కొలువైన ఉత్తరాంధ్రలో తాబేలును చంపితే పాపమని నమ్మే మత్స్యకార కుటుంబాలు ఎన్నో. కావాలని చంపేవాళ్లు లేని చోట ఇన్ని చావులు జరగడమే ఈ సమస్య తీరు. స్పృహ తప్పిన తాబేలును తేరుకునేదాకా ఉంచి వదిలిన బోటుపై కేసు ఉండదని అధికారులు రాతపూర్వకంగా హామీ ఇస్తే, రూపాయి ఖర్చు లేకుండా కొన్ని ప్రాణాలు దక్కుతాయి.

గుడ్ల లెక్క ఎందుకు చాలదు

శ్రీకాకుళం నుంచి తిరుపతి జిల్లా వరకు ఇసుక తీరం మీద ఆలివ్ రిడ్లేలు అక్కడక్కడ గుడ్లు పెడతాయి. ఒడిశాలోలా ఒకే చోట లక్షల్లో రావు. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్, కృష్ణా అభయారణ్యం, బాపట్ల తీరం ఇందుకు పేరున్న చోట్లు. ఒక్కో గుంటలో సుమారు 100 నుంచి 120 గుడ్లు. కుక్కలు, నక్కలు, అడవిపందులు తవ్వి తినకుండా సిబ్బంది, స్వచ్ఛంద సంస్థల వాళ్లు రాత్రిళ్లు తీరం వెంట నడిచి గుడ్లు సేకరిస్తారు, కంచె వేసిన హేచరీలో మళ్లీ పూడ్చిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఈ పని చేసేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

అయితే పిల్లల్లో పెద్దయ్యేవి వెయ్యికి ఒకటని శాస్త్రవేత్తల అంచనా. ఆ ఒక్కటీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. ఈ లెక్కను గట్టిగా తేల్చింది 1987లో డెబొరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అమెరికా తూర్పు తీరంలోని లాగర్‌హెడ్ తాబేళ్లపై చేసిన అధ్యయనం. తాబేలు జీవితాన్ని గుడ్డు, పిల్ల, ఎదుగుతున్నది, పెద్దది అని దశలుగా విడగొట్టి, ఏ దశలో చావులు తగ్గిస్తే సంతతి నిలబడుతుందో లెక్కగట్టారు. గుడ్లలో ఒక్కటి కూడా పాడవకుండా నూటికి నూరు పొదిగినా ఆ సంతతి తగ్గుదల ఆగదని తేలింది. ఎదిగిన, ఎదుగుతున్న తాబేళ్ల చావులు కొంత తగ్గించగలిగితే మాత్రం సంతతి కోలుకుంటుంది. అప్పటిదాకా ప్రపంచమంతటా సంరక్షణ అంటే గుడ్లకు కాపలా కాయడమే. ఆ దృష్టిని ఒడ్డు మీది నుంచి బోటు మీదికి మళ్లించింది ఈ ఒక్క అధ్యయనమే అన్నా తప్పులేదు.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన ఆడ తాబేలు అంటే ఆ వెయ్యిలో మిగిలిన ఒక్కటి. అది ఇంకా చాలా ఏళ్లు, సీజన్‌కు వందకు పైగా గుడ్లు పెట్టగలదు. జనవరిలో గుడ్లతో ఉన్న అలాంటి తాబేలు ఒకటి వలలో చస్తే, ఆ లోటు పూడ్చడానికి హేచరీ నుంచి సుమారు వెయ్యి పిల్లలను వదిలి, అవి పెద్దయ్యేదాకా ఎదురుచూడాలి. ఒక సీజన్‌లో హేచరీలు వేల పిల్లలను వదిలాయన్న ప్రకటనను ఈ నిష్పత్తితో కలిపి చదవాలి.

ఆలివ్ రిడ్లేకు అతి దగ్గర బంధువైన కెంప్స్ రిడ్లే కథ దీనికి సాక్ష్యం. మెక్సికోలోని రాంచో నువేవో తీరంలో 1947లో ఒకే రోజు సుమారు 40 వేల ఆడ తాబేళ్లు ఒడ్డెక్కినట్టు అప్పటి ఫిల్మ్ రీలును బట్టి అంచనా వేశారు. 1985 సీజన్ మొత్తానికి దొరికిన గుంటలు 702. మెక్సికో ప్రభుత్వం 1966 నుంచే ఆ తీరానికి కాపలా పెట్టినా పతనం ఆగలేదు. 1980ల చివర అమెరికా రొయ్యల బోట్లకు టెడ్ తప్పనిసరి అయింది, తీరం కాపలా కూడా కొనసాగింది. 2009 నాటికి గుంటల సంఖ్య 20 వేలు దాటింది. 2010లో మెక్సికో సింధుశాఖలో పెద్ద చమురు ప్రమాదం జరిగిన ఏడాది నుంచి ఆ పెరుగుదల కుంటుపడింది. అయినా 702 నుంచి 20 వేలకు రావడం చిన్న విషయం కాదు. ఒడ్డున కాపలా, సముద్రంలో వల మార్పు రెండూ కలిసినప్పుడే అది సాధ్యమైంది.

టెడ్ ఎలా పనిచేస్తుంది, బోట్లు ఎందుకు వద్దంటాయి

టెడ్ అంటే టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్. వల గొట్టానికి, చివరి సంచికి మధ్య ఏటవాలుగా అమర్చే గుండ్రటి లోహపు చట్రం. కమ్మీల మధ్య సందు సుమారు పది సెంటీమీటర్లు. రొయ్యలు, చిన్న చేపలు సందుల్లోంచి జారి సంచిలోకి పోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి, ఏటవాలు వెంట జారుతూ వలలో వదిలిన కంత దగ్గరికి చేరుతుంది. ఆ కంతకు వల గుడ్డతోనే ఒక తలుపు ఉంటుంది. తాబేలు బరువుకు అది తెరుచుకుని, మళ్లీ మూసుకుంటుంది.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయే నమూనా తయారుచేసి పరీక్షించింది. రొయ్యల నష్టం ఒక శాతం లోపేనని ఆ పరీక్షల్లో తేలింది. ఇటీవల అమెరికా సముద్ర సంస్థ నోవాతో కలిసి కొత్త నమూనాలను కూడా పరీక్షించారు. కొనుగోలుకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సాయం ప్రకటించారు. అయినా వినియోగం అంతంతమాత్రమే. మత్స్యకారులకు అవగాహన లేదని సెమినార్లలో తరచుగా చెబుతుంటారు. ఈ వివరణ సరిపోదు, కొంత అన్యాయం కూడా.

టెడ్ పుట్టింది అమెరికాలో. అక్కడి రొయ్యల బోటుకు రొయ్యే ఆదాయం, మిగతాది చెత్త. పెద్ద చేప బయటికి పోతే అక్కడ నష్టం లేదు. విశాఖలోనో, కాకినాడలోనో ట్రాలర్ ఒడ్డుకు చేరితే వలలో పడ్డ ప్రతిదానికీ కొనేవాడుంటాడు. రొయ్య మంచి ధర పలుకుతుంది నిజమే, కానీ టేకు చేపలు, పెద్ద వంజరాలు, పండుగప్పలు కూడా ట్రిప్పు ఖర్చు తేల్చడానికి లెక్కలోకి వస్తాయి. తాబేలు పోయే కంతలోంచి పోయేవి ఇవే. రొయ్య నష్టం ఒక శాతమన్న లెక్క నిజమే అయినా బోటు యజమాని చూసే నష్టం అది కాదు. దానికితోడు నదుల మొగల దగ్గర ప్లాస్టిక్ సంచులు, చెట్టు కొమ్మలు, జెల్లీ చేపలు చట్రానికి అడ్డుపడితే నీటి ప్రవాహం మళ్లి రొయ్యలు కూడా కంతలోంచే పోతాయి.

ఇంకో చిక్కు, ఒక్క బోటు పెట్టుకుంటే నష్టం ఆ ఒక్కరిదే, లాభం మాత్రం సముద్రానిది. పక్క బోటు పెట్టనప్పుడు నేనెందుకు పెట్టాలని యజమాని అడిగితే జవాబు దొరకదు. హార్బర్ మొత్తం ఒకేసారి మారితే ఈ ప్రశ్నే ఉండదు. ఒక్కో బోటు వెంటపడటం కన్నా హార్బర్ సంఘంతో కూర్చుని, మొదటి రెండు సీజన్లు పోయిన పెద్ద చేపల విలువను బోట్లకు కట్టివ్వడం తేలికైన దారిగా కనిపిస్తోంది.

నిషేధం తేదీలు తాబేలుకు సరిపోవు

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో పది వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచారు. ఈ నిషేధం చేపల సంతానోత్పత్తి కోసం పెట్టింది. ఆలివ్ రిడ్లేలు నవంబరు నుంచే తీరానికి దగ్గరవుతాయి, జనవరి నుంచి మార్చి వరకు ఎక్కువగా గుడ్లు పెడతాయి. నిషేధం మొదలయ్యే నాటికి తల్లులు వెనుదిరిగి ఉంటాయి. ఆ రెండు నెలలు పిల్లలకు మేలు చేస్తాయి తప్ప తల్లులకు పెద్దగా అక్కరకు రావు.

ఒడిశా అందుకే వేరే నిబంధన పెట్టుకుంది. ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర 20 కిలోమీటర్ల వరకు నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం. లక్షల తాబేళ్లు ఒకే చోట చేరతాయి కాబట్టి ఒక గీత గీసి కాపలా కాయడం అక్కడ సాధ్యం. మన తీరంలో తాబేళ్లు వందల కిలోమీటర్ల పొడవునా చెదురుగా ఉంటాయి. ఎక్కడ గీత గీయాలన్నదే సమస్య. తీరానికి దగ్గరి నీళ్లను సంప్రదాయ పడవలకు వదిలి మరబోట్లు దూరంగా వేటాడాలని రాష్ట్ర చట్టం చెబుతోంది. గుడ్లు పెట్టే కాలంలో ఆడ తాబేళ్లు ఎక్కువగా తిరిగేది ఆ దగ్గరి నీళ్లలోనే. కొత్త చట్టం రాకపోయినా, డిసెంబరు నుంచి మార్చి దాకా ఈ ఒక్క నిబంధనను గట్టిగా అమలుచేస్తే చాలా తేడా ఉంటుంది. సంప్రదాయ పడవల వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నది కూడా ఇదే. చేప కోసం వాళ్లు చేసే పోరాటం, తాబేలు కోసం శాస్త్రవేత్తలు చెప్పే మాట ఇక్కడ ఒకటవుతాయి.

అమెరికా నిషేధం చెరువు రొయ్యకు వర్తించదు

టెడ్ లేని దేశాల నుంచి సముద్రపు రొయ్యను కొనకూడదని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ దీన్ని ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేశాయి. 1998లో వచ్చిన తీర్పు చట్టం ఉద్దేశాన్ని తప్పుపట్టలేదు, దేశాల మధ్య వివక్షతో అమలు చేశారని మాత్రం చెప్పింది. అమెరికా అమలు తీరు మార్చుకుంది, చట్టం నిలిచింది. 2019 నుంచి భారత సముద్రపు రొయ్యకు అక్కడ తలుపులు మూసుకున్నాయి.

భీమవరం, నెల్లూరు వైపు ఆక్వా రైతులు ఈ వార్త వచ్చినప్పుడల్లా కంగారు పడుతుంటారు. ఈ నిషేధం చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యకు వర్తించదు. చెరువులో తాబేలు చిక్కే అవకాశం లేదు కాబట్టి, పెంపకం రొయ్య అని ధ్రువీకరిస్తే సరిపోతుంది. సుంకాల గొడవ పూర్తిగా వేరు. దెబ్బ పడింది సముద్రపు రొయ్య పట్టే బోట్ల మీద. టెడ్ పెట్టుకుంటే ఆ మార్కెట్ మళ్లీ తెరుచుకుంటుందన్న ఆశ ఇప్పుడు అధికారుల దగ్గరున్న బలమైన వాదన. ధర తేడాలో బోటు యజమానికి వాటా దక్కకుండా ఎగుమతిదారు దగ్గరే ఆగిపోతే ఆ వాదన హార్బర్‌లో నిలవదు.

13 లక్షలు ఉన్నప్పుడు భయమెందుకు

సామూహికంగా గుడ్లు పెట్టిన సంఖ్య ఏడాదికేడాది విపరీతంగా మారుతుంది. 2025లో రికార్డు స్థాయిలో వచ్చిన రుషికుల్యలోనే 2024లో సామూహికంగా ఒడ్డెక్కడం జరగలేదు. ఒకే తాబేలు ఒక సీజన్‌లో రెండుసార్లు గుడ్లు పెట్టవచ్చు, అందుకని గుంటల సంఖ్య తాబేళ్ల సంఖ్య కాదు. ఇవాళ ఒడ్డెక్కుతున్నవి పదేళ్ల కిందట, అంతకన్నా ముందు పుట్టినవి. ఇప్పటి చావుల ఫలితం ఇప్పుడు కనిపించదు. కెంప్స్ రిడ్లే 1947లో చూసినవాళ్లకు కూడా తరగని సంపదలాగే కనిపించి ఉంటుంది.

మరోవైపు ఆంధ్ర తీరంలో గుడ్లు పెట్టే చోటే తగ్గుతోంది. ఉప్పాడ లాంటి చోట్ల సముద్రం తీరాన్ని కోసేస్తోంది. తుపాన్లకు అడ్డుగా నాటిన సరుగుడు తోటలు అలల దాకా వచ్చిన చోట ఇసుక మెరక మిగలడం లేదు. బీచ్ రోడ్ల లైట్లు పిల్లలను సముద్రం వైపు కాకుండా ఊరి వైపు నడిపిస్తాయి. వీటన్నిటికన్నా మెల్లగా సాగేది ఇసుక వేడి. తాబేలు పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది గుంటలోని ఉష్ణోగ్రత. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ సమంగా పుడతాయి, ఆపై వేడెక్కితే ఆడవే ఎక్కువ. ఏప్రిల్ ఎండలో నీడ లేని హేచరీ తెలియకుండానే ఆడ పిల్లలనే వదులుతుండవచ్చు. కొబ్బరాకుల పందిరి, ఇసుకలో ఒక థర్మామీటర్, రోజూ రాసే పుస్తకం ఉంటే ఏ ఏడాది ఏం జరిగిందో తెలుస్తుంది.

తాబేళ్ల రెక్కలకు బిళ్లలు తగిలించి, కొన్నిటికి ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అమర్చి భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ, వన్యప్రాణి సంస్థ పరిశోధకులు వాటి దారులు గమనిస్తున్నారు. ఒడిశాలో 2021లో బిళ్ల వేసిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం తాబేళ్లు వేరు, పడమటి తీరం తాబేళ్లు వేరు అనుకున్న లెక్కను ఆ ఒక్క బిళ్ల కదిలించింది. ఏ రాష్ట్రమూ ఇది మా తాబేలు అని విడిగా కాపాడుకోలేదు. ఒడిశా ఏడు నెలలు కాపలా కాసి పంపిన తాబేలు దక్షిణానికి వచ్చే దారిలో దాటేది ఆంధ్ర బోట్లనే. వచ్చే సీజన్ తాబేళ్లు నవంబరులో తీరానికి దగ్గరవడంతో మొదలవుతుంది. హార్బర్ సంఘాలతో మాటలు మొదలుపెట్టాల్సింది అంతకన్నా ముందు, నిషేధ కాలంలో బోట్లన్నీ జెట్టీకి కట్టేసి, వలలు బాగుచేసుకుంటున్న ఆ రెండు నెలల్లో.